మొగలిరేకులు, ఫార్మలిన్

పెద్దకర్మ నాడు ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీలో డాక్టరుగారి వయసు రెండేళ్ళు తక్కువ వేశారు. చెప్పులు విప్పుతూ చూశాను. లోపలికి వెళ్ళగానే వాళ్ళమ్మాయి సునీతకు చెప్పాను.

"సాయంత్రానికి విప్పేస్తారు కదా ఆంటీ. ఇప్పుడెవరు చూస్తారు?" అంది. నిద్రలేక దాని కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

నేను చూశానుగా అందామనుకుని ఊరుకున్నాను. ఈ వయసులో కనపడిన ప్రతి తప్పూ దిద్దుకుంటూ పోవాలంటే ఓపిక చాలదు. డాక్టరుగారే ఉంటే మాత్రం నా పక్షమే మాట్లాడేవారు. సీసా మీద అంటించిన చీటీలో రోగి వయసు తప్పుంటే ఆ సీసా మూత కూడా తియ్యనిచ్చేవారు కాదు. "మనిషెవరో సరిగ్గా తెలియకుండా జబ్బేమిటో ఎలా చెబుతామమ్మా?" అనేవారు.

ఆ ఫొటో కూడా నాకు నచ్చలేదు. కోటు, టై, బిగించిన పెదవులు. ఎప్పుడో పాస్‌పోర్టు కోసం తీయించుకున్నది. ఆ పాస్‌పోర్టుతో ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. నాకు తెలిసిన మనిషి మోచేతుల దాకా మడిచిన చొక్కాతో, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, ఒక గాజుసీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంటారు.

గుంటూరు కొత్తపేటలో ఆయనకు పాథాలజీ ల్యాబ్ ఉండేది. ఆస్పత్రుల్లో ఆపరేషను చేసి తీసిన గడ్డలూ కండలూ మా దగ్గరికి వచ్చేవి. వాటిలో ఉన్నది ఏ జబ్బో మైక్రోస్కోపులో చూసి చెప్పడం ఆయన పని. వాటిని కోసి, మైనంలో పొదిగి, పల్చటి పొరలుగా తీసి, రంగు పట్టించి ఆయన ముందు పెట్టడం నా పని. ఆయన ల్యాబ్ తెరిచిన ఏడాదే నేను చేరాను. ఆయన దాన్ని అమ్మి బయటికి వచ్చిన రోజునే నేనూ వచ్చేశాను. మధ్యలో ఎక్కడికీ పోలేదు కాబట్టి ఆయన గురించి ఎవరైనా ఒకటికి రెండు కలిపి చెబితే నాకు వెంటనే తెలిసిపోతుంది.

శరీరం నుంచి కోసిన కండ గాలికి వదిలేస్తే కుళ్ళిపోతుంది. అలా కుళ్ళకుండా ఆపే ఘాటు మందునీళ్ళు ఫార్మలిన్. ఫార్మలిన్‌లో వేస్తే ఉన్నది ఉన్నట్టు ఆగిపోతుంది. గట్టిపడుతుంది, ఎరుపు పోయి బూడిద రంగుకు వస్తుంది, ఆకారం మాత్రం చెదరదు. మా ల్యాబ్ గోడల నిండా అలాంటి సీసాలే. కొత్తగా చేరిన ఆడపిల్లలు వాటి మధ్య కూర్చుని అన్నం తినడానికి మొదట్లో జంకేవాళ్ళు. డాక్టరుగారి మాటలు విన్నాక నవ్వు ఆపుకోలేక జంకు మరిచిపోయేవాళ్ళు. ఎందుకంటే ఆయన ఏ కండనూ కండ అనేవారు కాదు. రోగి పేరు పెట్టి, చివర గారు కలిపి పిలిచేవారు.

"సీతారావమ్మగారిని బయటికి తియ్యి. వెంకటేశ్వర్లుగారు ఇంకా మెత్తగానే ఉన్నారు, రేపు చూద్దాం."

సీసా తెరిచే ముందు గోటితో రెండుసార్లు తట్టేవారు, ఇంట్లోకి రావచ్చా అని అడిగినట్టు. సర్జన్లు ఫోన్ చేసి రిపోర్టు ఎప్పుడిస్తారని తొందరపెడితే, "ఫార్మలిన్‌కి ఫోన్ లేదు సార్, ఉంటే నేనే అడిగి చెప్పేవాణ్ణి" అనేవారు. అది బయటినుంచి లోపలికి తన నడకన తాను నడుస్తుంది. పెద్ద గడ్డయితే నడుమదాకా చేరేసరికి రోజు మారిపోతుంది. ఆ నడకను తొందరపెట్టినవాళ్ళ మీద ఆయనకు కోపం వచ్చేది కాదు, జాలి వేసేది.

కోపం నాకు వచ్చేది.

ఒక మిర్చి కోతల కాలంలో చిలకలూరిపేట వైపునుంచి ఒక రైతు వచ్చాడు. భార్యకు తొడ మీద గడ్డ తీశారట. అక్కడి నర్సింగ్ హోమ్‌వాళ్ళు దాన్ని ఫార్మలిన్ పోసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గుంటూరు తీసుకెళ్ళమని ఇచ్చారు. మర్నాడు పొద్దున అతను నా బల్ల మీద పెట్టిన డబ్బాలో ఫార్మలిన్ లేదు. మూత తీస్తే లోపల గడ్డ, దాని చుట్టూ దట్టంగా కల్లుప్పు.

"ఇందులో నీళ్ళేవి?" అన్నాను.

"పారబోశానమ్మా. బస్సెక్కగానే అందరూ తిట్టారు. కళ్ళు మండి పిల్లలేడ్చారు. కండక్టరు దిగుతావా, దింపేదా అన్నాడు. అందుకని దారిలో దిగి, ఆ కంపునీళ్ళు పారబోసి, చెడిపోకూడదని ఉప్పు పట్టించా. ఎండుచేపలకు పట్టించినట్టే గట్టిగా పట్టించా, చూడండి. రాత్రి మా బావమరిది ఇంట్లో పడుకుని పొద్దున్నే వచ్చా."

"ఇదేమన్నా ఊరగాయా? నీకసలు బుద్ధుందా?" అని అరిచాను. రోగి శరీరం నుంచి తీసింది ఆ ఒక్కటే. అది పాడైతే మళ్ళీ తెచ్చేది కాదు. లోపల ఉన్నది మామూలు గడ్డో క్యాన్సరో ఇక ఎవరు చెబుతారు?

డాక్టరుగారు లోపలి గదిలోంచి వచ్చారు. డబ్బాను వెలుతురుకు ఎత్తి చూశారు. గోటితో రెండుసార్లు తట్టారు.

"పేరేమిటయ్యా మీ ఆవిడది?"

"అంజమ్మండీ."

"బుద్ధి లేదనకమ్మా," అన్నారు నాతో. "చెడిపోకూడదనే కదా ఉప్పు వేశాడు. మనం పొద్దుటినుంచి సాయంత్రం దాకా చేసేదీ అదే. మందు తప్పింది గానీ ఉద్దేశం తప్పలేదు. అంజమ్మగారిని కడుగు, మెల్లిగా."

నడిమి భాగమంతా మెత్తబడి పనికిరాకుండా పోయింది. కానీ పారబోసే లోపు ఫార్మలిన్ కొంత దూరం నడిచింది. గడ్డ చుట్టూ సన్నటి అంచు మాత్రం గట్టిపడి ఉంది. ఆయన ఆ అంచునంతా తిరిగి తిరిగి కోయించారు. నేను విసుక్కుంటూనే చేశాను. రెండు రోజుల తర్వాత అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

"నాకు కనపడినంతవరకు మంచిదే. మధ్యలోది నేను చూడలేదు. చూడనిది చెప్పను. మూడు నెలలకొకసారి తీసుకొచ్చి ఆ సర్జనుగారికి చూపించు."

"ఆ నీళ్ళు పారబొయ్యకుండా ఉంటే చెప్పేవాళ్ళా అయ్యా?"

"చెప్పేవాణ్ణి" అన్నారు. అబద్ధంతో ఊరడించడం ఆయనకు చేతకాదు. ఆ మనిషి తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఏడు ఒక పొడుగాటి ఆడమనిషి చేతిలో ఎండుమిరపకాయల సంచితో లోపలికి వచ్చి, "డాక్టరుగారేరీ? నేనేనండీ, మా ఆయన ఉప్పేసిన అంజమ్మని" అంది. ల్యాబ్‌లో అందరం పడీపడీ నవ్వాం. ఆయన మాత్రం లేచి నిలబడి, "కూర్చోండి అంజమ్మగారూ, ఇదివరకు మనకు పరిచయమే" అన్నారు.

ఆయన ముక్కు పోయిందని నాకు తెలిసింది ఒక సీసా పగిలిన రోజున. పెద్ద ఫార్మలిన్ సీసా చెయ్యి జారి బద్దలైంది. అందరం దగ్గుకుంటూ మెట్ల మీదికి పరిగెత్తాం. ఆయన కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతుంటే, చీపురు పట్టుకుని గాజుపెంకులు ఊడుస్తున్నారు. "బయటికి రండి, కంపుకు పోతారు" అని అరిచాను. "కళ్ళు మండుతున్నాయి, అంతేగా" అన్నారు. ఆ వారమే పాచివాసన కొడుతున్న సాంబారు మారుమాట లేకుండా తిన్నారు. వాసన తెలియడం లేదా అని అప్పుడు మొహం మీదే అడిగాను.

"పోయి చాలా కాలమైందమ్మా. మిర్చి ఘాటు తెలుస్తుంది. మల్లెపువ్వు తెలియదు. ముక్కుకు కారం మిగిలింది, కమ్మదనం పోయింది. ఇంట్లో చెప్పకు."

ఫార్మలిన్ వల్లేనా అంటే, "రుజువు లేదు, చెప్పను" అన్నారు. టీ వచ్చినప్పుడు మాత్రం కప్పు మీదికి ఒక్క క్షణం తల వంచేవారు. ఎదుటివాళ్ళు అలా చేస్తారని గుర్తుంచుకుని చేసేవారనుకుంటాను.

ఇంట్లో ఎందుకు చెప్పొద్దన్నారో వాళ్ళావిడను ఎరిగినవాళ్ళకు తెలుస్తుంది. నేను అక్కయ్యగారు అని పిలిచే ఆవిడది చీరాల. పుట్టింటివాళ్ళకు నేత చీరల కొట్టు. ప్రతి చీర మడతలోనూ ఎండు మొగలిరేకు పెట్టి అమ్మేవారట వాళ్ళ నాన్న. చీర విప్పగానే ఏ కొట్టులో కొన్నదో చూడకుండా చెప్పేవారట ఊళ్ళో ఆడవాళ్ళు. ఆ వాసనలో పెరిగిన మనిషి, పెళ్ళయి ఫార్మలిన్ ఇంటికి వచ్చింది. ఆయన మెట్లెక్కుతుండగానే లోపలినుంచి కేకేసేది: "ముందు స్నానం చేసి రండి. ఆ కంపుతో వంటింట్లోకి రాకండి." వెనకాల స్లైడ్ల పెట్టె పట్టుకుని నేను వస్తే, "రుక్మిణీ, నువ్వూ కాళ్ళూ చేతులూ కడుక్కో" అనేది. కోపం కాదు. దీపం పెట్టినట్టు, అది సాయంత్రం జరగవలసిన పని. ఆయన మారు మాట్లాడకుండా బాత్రూములోకి వెళ్ళేవారు. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినపడ్డాకే ఆవిడ కంచాలు పెట్టేది. "నాకే తెలియని వాసన మా ఆవిడకు వీధి మలుపులోనే తెలుస్తుంది" అని ఆయన నాతో అన్నారొకసారి, ఆ సంగతి ఆవిడకు చెప్పలేక.

ఆయన ల్యాబ్ అమ్మిన తర్వాత అక్కయ్యగారికి మతిమరుపు మొదలైంది. మొదట పేర్లు పోయాయి. తర్వాత ఇల్లు పోయింది. పొద్దంతా బాగానే ఉండేది. ఎండ వాలేసరికి నాలుగు చీరలు మూట కట్టుకుని, "చీరాల బండికి వేళయింది, నాన్న ఎదురు చూస్తుంటారు" అని గేటు తీసుకుని వెళ్ళిపోయేది. ఒకసారి బస్టాండు దాకా వెళ్ళింది. ఇంకోసారి పత్తి లారీకి అడ్డం వెళితే డ్రైవరు బ్రేకు వేసి, దిగి, చెయ్యి పట్టుకుని ఇంటి దాకా తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. సునీత బ్యాంకులో పని చేస్తుంది. పెనిమిటి పోయాక తల్లిదండ్రుల దగ్గరే ఉంటోంది. బ్యాంకునుంచి వస్తూ ఒక కొత్త తాళం కొనుక్కొచ్చింది.

"గేటుకు బయటినుంచి వేద్దాం నాన్నా. నేనొచ్చేదాకానే."

"వద్దు."

"వద్దంటే ఎలా? మీకు మోకాళ్ళ నొప్పులు, వెనక పరిగెత్తలేరు. నన్ను ఉద్యోగం మానెయ్యమంటారా?"

"తాళం వేస్తే సీసాలో పెట్టి మూత బిగించినట్టే. ఎక్కడికీ పోదు. కానీ అది మీ అమ్మ కాదు, నమూనా."

"సీసాలు లారీల కింద పడవు నాన్నా" అంది సునీత.

"మిర్చి యార్డుకు కొత్తకాయ వచ్చేదాకా గడువివ్వు" అన్నారాయన. మిరపకాయలు యార్డుకు రావడానికి అప్పటికింకా మూణ్ణాలుగు నెలలుంది. సునీత తాళాన్ని గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. అది అక్కడే వేలాడింది. అటూ ఇటూ తిరిగేటప్పుడల్లా ఆయన దాన్ని చూడకుండా నడిచేవారు.

దారి చూపించింది ఒక మొగలిపువ్వు. సింగరాయకొండలో ఉన్న మా చెల్లెలు సముద్రం వైపు పొదల్లో కోయించి పంపిన పూలలో ఒకటి అక్కయ్యగారికి ఇచ్చాను. ఎండ వాలింది. ఆవిడ మూట కట్టుకుని లేచింది. పువ్వు వాసన చూసింది. మూట దించి చాప మీద కూర్చుని, చీరలు విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది. "జరీ అంచువి ఇటివ్వవే, చూస్తావేం? బేరం వచ్చింది కనపడటంలా?" అని నన్ను కసిరింది. భోజనాల వేళ దాకా వాళ్ళ నాన్న కొట్లోనే ఉన్నట్టుంది. గేటు వైపు చూడలేదు. మర్నాటికి రేకు వాడింది, వాసన పలచబడింది, ఆవిడ మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఈ వాసనను నిలబెట్టాలి" అన్నారు డాక్టరుగారు. జీవితమంతా నిలబెట్టడమే చేసిన మనిషి కాబట్టి అదేమంత పని అన్నట్టుగా అన్నారు.

పాత గుంటూరులో ఒక అత్తరు కొట్టుకు ఆటోలో వెళ్ళాం. కొట్టు సాయిబుగారు గాజుపుల్లతో ఆయన మణికట్టు మీద మొగలి అత్తరు రాశారు. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి తెరిచి, చెయ్యి నా వైపు చాపారు. నేను వంగి వాసన చూశాను.

"ముందు బాగానే ఉంది. వెనకాల కిరసనాయిలు."

"అమ్మగారు గట్టివారే! ఇంట్లో మీ పప్పులేం ఉడకవన్నమాట డాక్టర్ సాబ్" అని నవ్వారు సాయిబుగారు.

"ఈవిడ మా ఆవిడ కాదండీ. నా ముక్కు."

సాయిబుగారికి అర్థం కాలేదు గానీ లోపలి అరలోంచి ఇంకో సీసా తీశారు. అది చందనపు నూనెలో దించిన అత్తరు. అందులో కిరసనాయిలు వాసన లేదు. అది ఎంతసేపు ఉంటుందని డాక్టరుగారు అడిగారు.

"మొగలి దొంగ సార్. తలుపు తీస్తే పారిపోతుంది. చందనం ముసలి కాపలావాడు. చెయ్యి పట్టుకుని మెల్లిగా నడిపిస్తాడు."

"పూర్తిగా ఆపడా?"

"ఆపేస్తే వాసనెలా వస్తుంది సార్? కొంచెం కొంచెం వదిలితేనే కదా మీ ముక్కు దాకా వచ్చేది!"

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. ఆ తర్వాత, "మనం ఆపడమే నేర్చుకున్నాం రుక్మిణీ. ఆలస్యం చెయ్యడం నేర్చుకోలేదు" అన్నారు.

ఆ వయసులో నేర్చుకున్నారు. భోజనాల బల్ల మీద టెస్ట్‌ట్యూబుల స్టాండు వెలిసింది. మొగలిని పట్టి ఉంచడానికి ఒక్క చందనమే చాలలేదు. సాంబ్రాణిని స్పిరిట్‌లో కరిగించి కలిపారు. అది నిలబడింది గానీ అక్కయ్యగారు పూజకు వేళయిందనుకుని తలస్నానానికి లేచింది. వట్టివేళ్ళ నూనె కలిపారు. కస్తూరి బెండగింజలు నలగ్గొట్టి నానబెట్టారు. కచ్చూరాల దుంపలు వేశారు. ప్రతిదీ దూది మీద చుక్కలు వేసి, పాత గుడ్డలో చుట్టి, ఆవిడ పైటకొంగుకు పిన్నీసుతో గుచ్చేవారు. చుక్కలు లెక్కపెట్టేది నేను, కలిపేది ఆయన. వాసన చూసి "ముందు పువ్వు, వెనక తడిమట్టి" అనో, "పువ్వు పోయింది, మట్టే మిగిలింది" అనో చెప్పడం నా వంతు. నా ముక్కూ పూర్వంలా లేదని చెప్పాను. "ఉన్నంత చాలు" అన్నారు.

కానీ ఆయన నా మాట మీద పూర్తిగా ఆధారపడలేదు. ఆవిడకు ఎదురుగా కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, స్లైడు చూసినట్టు ఆవిడ ముఖం చూస్తూ కూర్చునేవారు. కనుబొమలు ముడిపడితే వాసన పోతోందని అర్థం. ఆవిడ చేతులు చీర మీద నిదానంగా కదులుతుంటే ఇంకా ఉందని అర్థం. ఒక్కోసారి ఆవిడ తల ఎత్తి, "ఎవరండీ మీరు? ఏం చీర కావాలి?" అని అడిగేది.

"మీ ఇష్టం, మీరే చూపించండి" అనేవారు.

"మీ ఆవిడ ఏ రంగు మనిషి?"

"మీ రంగే."

"అయితే మెంతిరంగు తీసుకోండి" అని ఒక చీర ఒళ్ళో పడేసేది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, అంచు బాగుందనేవారు. ఆవిడ ధర చెబితే బేరమాడేవారు. ప్రతి సాయంత్రం అదే చీర. నాకు విసుగొచ్చి వంటింట్లోకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆయన బేరమాడే గొంతులో మాత్రం ఎప్పుడూ విసుగు వినపడలేదు. అలసట వినపడేది.

చివరికి ఒక కూర్పు కుదిరింది. ఎండ వాలినప్పుడు గుచ్చితే ఆవిడ నిద్రపోయేదాకా ఉండేది. యార్డుకు కొత్తకాయ వచ్చింది, ఊరంతా ఘాటెక్కింది. సునీత తాళం మాట ఎత్తలేదు.

ఆ వేసవిలోనే, ఒక ఉదయం కాఫీ తాగి కప్పు కింద పెట్టకుండానే ఆయన పోయారు. గుండె. ఇంకేం చెప్పను, ఇంకేం చూడలేదు.

ఆయన్ను పడుకోబెట్టిన అద్దాల పెట్టె చుట్టూ జనం ఉంటే అక్కయ్యగారు ఓ మూల చీరలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. ఎవరో ఏడిస్తే, "రంగు పోతే మార్చి ఇస్తాంలెండి" అని ఓదార్చింది. కూర్పు ఇంకా సగం సీసా ఉంది. సునీత రోజూ గుచ్చింది. అయినా పెద్దకర్మ లోపే అది పనిచెయ్యడం మానేసింది. వాసన పోలేదు. నేనే చూశాను, పువ్వూ ఉంది, మట్టీ ఉంది. ఆవిడే మారింది. కొంగు వాసన చూసి, "ఇదా, కొట్టు వాసన. కొట్టు కట్టేశాం. ఆయనేరీ? ఇంకా రాలేదేం?" అని గేటు దగ్గరికి నడిచేది. ఇప్పుడు చీరాల వెళ్ళడానికి కాదు. రావలసిన మనిషికి ఎదురు వెళ్ళడానికి. పుట్టింటికి వెళ్ళాలన్నవాళ్ళకు పుట్టింటి వాసన చూపించి ఆపొచ్చు. దీనికి ఏం చూపించాలి? నాకు తోచలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ల్యాబ్‌నుంచి ఫోన్ వచ్చింది. కొన్నవాళ్ళు దాన్ని మంగళగిరి వైపు కొత్త భవనంలోకి మారుస్తున్నారు. డాక్టరుగారి పాత సీసాలు కొన్ని కారుతున్నాయి, చీటీల మీద రాత నాదే కాబట్టి వచ్చి ఏవి ఎవరివో చెప్పమన్నారు. వెళ్ళాను. మధ్యాహ్నమంతా సీసాలు తుడిచి, పాత ఫార్మలిన్ ఒంపి కొత్తది పోయించాను. చేతులకు తొడుగులున్నా చీర కుచ్చిళ్ళు తడిశాయి. అది ఆరిపోయేదే, ఎక్కువసేపు నిలవదు. ఇంటికి వెళ్ళి తలారా స్నానం చేద్దామనుకుంటుండగా సునీత ఫోన్ చేసింది.

"ఆంటీ, అమ్మ మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళింది. ఈసారి పక్కింటివాళ్ళు చూసి తీసుకొచ్చారు. నావల్ల కాదు. తాళం వేసేస్తున్నాను. నాన్న ఏమనుకున్నా సరే." మళ్ళీ తనే, "మీరొక్కసారి రండి" అంది.

ఆటో ఎక్కి అలాగే వెళ్ళాను. డ్రైవరు రెండుసార్లు వెనక్కి చూసి, పక్కనున్న పరదా ఎత్తి కట్టాడు.

సునీత మెట్ల మీద కూర్చుని ఉంది. తాళం చేతిలో ఉంది, మేకు ఖాళీగా ఉంది. అక్కయ్యగారు గేటు ఊచలు పట్టుకుని వీధి మలుపు వైపు చూస్తోంది. నేను గేటు తీసి లోపలికి వచ్చాను. ఆవిడ నా ముఖం చూడలేదు. తల కొంచెం పైకెత్తింది. ముక్కుపుటాలు కదిలాయి. మొహం చిట్లించింది. అలా మొహం చిట్లించడం నేను ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదును.

"వచ్చారా?" అంది. "ఇంత ఆలస్యమా? ముందు స్నానం చేసి రండి. ఆ కంపుతో వంటింట్లోకి రాకండి."

గేటు వదిలేసింది. కొంగు బిగించుకుని, మా ఇద్దరినీ దాటి లోపలికి వెళ్ళింది. వంటింట్లో కంచాలు కదిలిన చప్పుడైంది.

సునీత నా వైపు చూసింది. "రేపు?" అంది పెదవులు కదిలించి.

రేపటి సంగతి నాకు తెలియదు. ఫార్మలిన్ ఇంట్లో పెట్టుకోదగ్గ వస్తువు కాదు. అది ఎవరి ముక్కును ఏం చేస్తుందో నేను చూశాను. తెలియనిది చెప్పను. సునీత భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళి, బాత్రూము తలుపు దగ్గరగా వేసుకున్నాను.

పంపు తిప్పాను. బకెట్ నిండుతోంది. సబ్బు పెట్టె పక్కన ఆయన చెంబు అలాగే బోర్లించి ఉంది.

"కానివ్వండి, అన్నం చల్లారిపోతోంది" అని వంటింట్లోంచి కేక.

నేను బదులు పలకలేదు. పలికితే నా గొంతు ఆవిడ గుర్తుపట్టేస్తుంది. చెంబు ముంచి నీళ్ళు తీసి, నా మీద ఒక్క చుక్క పడకుండా పక్కకు జరిగి, చప్పుడయ్యేలా నేల మీద పోశాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ పోశాను. ఒక మగమనిషి స్నానానికి ఎంత పడుతుందో అంతా పోశాను.